రిలేలో మూడో పేరు

పోస్టు పెద్దదే. తీరిక చూసుకుని చదవండి, కానీ సగంలో వదిలేసి జవాబు మాత్రం పెట్టకండి.

సెప్టెంబరులో టోక్యోలో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు అయిపోయాక మన గ్రూపులో ఒక అన్న ఇలా రాశారు: "పందొమ్మిది మంది వెళ్లారు, ఒక్క పతకం లేదు. అథ్లెటిక్స్ మన దేశానికి వంటబట్టదు, దాన్ని వదిలి కబడ్డీ చూసుకుందాం." దాని కింద నవ్వు బొమ్మలు బోలెడు పడ్డాయి. అన్న అంటే మాకు గౌరవమే. ఆ రోజు మేం ఏమీ అనలేదు. తర్వాత మాలో మేం చాలా మాట్లాడుకున్నాం. మాకు అనిపించింది ఏమిటంటే, మే నెలలో గుమిలో ఏం జరిగిందో చూడనివాళ్లకి సెప్టెంబరులో టోక్యో గురించి నవ్వే హక్కు లేదు. అందులోనూ ఈ గ్రూపులో ఉన్న మనకి అసలే లేదు. ఎందుకో చెబుతాం.

గుమి అన్నది దక్షిణ కొరియాలో ఒక ఊరు. 2025 మే 27 నుంచి 31 వరకు అక్కడ ఆసియా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్ జరిగింది. మనవాళ్లు 8 బంగారు, 10 వెండి, 6 కంచు, మొత్తం 24 పతకాలు తెచ్చారు. చైనా తర్వాత రెండో స్థానం. 2023లో బ్యాంకాక్‌లో 27 పతకాలు వచ్చాయి గానీ అందులో బంగారాలు 6 మాత్రమే. అంటే ఈసారి లెక్క తగ్గింది, బరువు పెరిగింది. నీరజ్ చోప్రా ఈ పోటీలకి వెళ్లలేదు. ఆయన లేకుండా వచ్చిన పతకాలు కాబట్టే చాలామందికి ఈ పోటీలు జరిగినట్టు కూడా తెలియదు.

అప్పుడు మేం భావనపాడులో ఉన్నాం. మేం అంటే ఎనిమిది మంది, సవరలు ఐదుగురు, జాతాపులు ముగ్గురు. మెళియాపుట్టి, మందస, సీతంపేట వైపు ఊళ్ల వాళ్లం. కొండోళ్లకి సముద్రం దగ్గర పనేటి అని మీకు అనుమానం రావచ్చు. కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్లు, 100 మీటర్లు, లాంగ్ జంప్ ప్రాక్టీసు కావాలి. మా ఊళ్లలో చదునుగా వంద మీటర్ల నేల దొరకడం కష్టం, దొరికినా ఎవరో ఒకరు జీడి మొక్కలు వేసేసి ఉంటారు. టెక్కలిలో చదువుకున్నప్పుడు స్నేహమైన భావనపాడు కుర్రాళ్లు రమ్మన్నారు. అలలు వెనక్కి పోయినప్పుడు తడి ఇసక గట్టిగా ఉంటుంది, పరిగెడితే మోకాళ్లకి దెబ్బ తెలియదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి పడవలన్నీ ఒడ్డుమీదే ఉన్నాయి, మనుషులూ ఖాళీగా ఉన్నారు. వల తాడుతో వంద మీటర్లు కొలిచి రెండు చివర్లా కర్రలు పాతాం. మూలపేట పోర్టు లారీల దుమ్ము పొద్దున్నే లేవకముందు పరుగు అయిపోవాలి, అదీ మా టైం టేబులు.

ఆ ఐదు రోజులూ మాకు టీవీలో పోటీలు దొరకలేదు. ఫోన్లో ఫలితాల పేజీ పెట్టుకుని కిందికి లాగుతూ కూచున్నాం. సిగ్నల్ పడవ చుక్కాని వైపు ఉంటే ఒక గీత, గట్టు ఎక్కితే రెండు గీతలు. గుల్వీర్ సింగ్ 10,000 మీటర్లలో బంగారం గెలిచాడన్నది మొదటి కబురు. ఆఖర్లో 5,000 మీటర్లు కూడా ఆయనే గెలిచాడు. వల బాగుచేస్తున్న ఒక పెద్దాయన రోజూ "ఏటయ్యింది బావూ, మనోళ్లు ఎన్నో వోరు?" అని అడిగేవారు. నడక పోటీలో సెర్విన్‌కి కంచు వచ్చిందంటే, నడకకి కూడా పోటీ పెడతారేటి అని ఒకటే నవ్వు. ఆయన అడగడం వల్లే మాకూ ప్రతి పేరూ చదివే అలవాటు అయింది. (ఎస్టీ జాబితాలో ఎవరిని చేర్చాలన్న గొడవ ఆ ఐదు రోజులూ అటువాళ్లూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. అది వేరే పోస్టు.)

మే 29 గురించి వివరంగా చెప్పాలి.

ఆ రోజు గుమిలో పెద్ద వాన. పోటీలు ఆగి ఆగి నడిచాయి. 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్లో విశాఖపట్నం అమ్మాయి యర్రాజి జ్యోతి 12.96 సెకన్లలో గెలిచింది, ఆ ఛాంపియన్‌షిప్‌లో అదే కొత్త రికార్డు. వెనక ఉన్న జపాన్ అమ్మాయి యుమి తనాకా, చైనా అమ్మాయి వు యాన్ని ఇద్దరిదీ 13.07. బ్యాంకాక్‌లోనూ జ్యోతిదే బంగారం, కాబట్టి ఇది వరసగా రెండోది. పతకం వేసుకుని జాతీయ గీతం వస్తుంటే ఆమె ఏడుస్తున్న వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు, వాన వల్ల ఆ గ్యాలరీలు దాదాపు ఖాళీ. అదే రోజు అవినాశ్ సాబ్లే స్టీపుల్‌చేజ్ గెలిచాడు. అదే రోజు ఆడవాళ్ల 4×400 రిలేలో బంగారం వచ్చింది. ఆ రాత్రి మన వాట్సాప్‌ల నిండా ఏముందో గుర్తుందా? ఐపీఎల్ మొదటి క్వాలిఫయర్. పంజాబ్ 101కి ఆలౌట్ అయిందన్న జోకులు. క్రికెట్ చూడొద్దని మేం అనం, మేమూ చూశాం. కానీ రెండిటికీ సమయం సరిపోయేది, కొరియా గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందు, ఇక్కడ టాస్ వేసేసరికి అక్కడ పని ఎప్పుడో అయిపోయింది.

జ్యోతి సంగతి కొంచెం వివరంగా రాస్తాం, ఎందుకంటే హర్డిల్స్ అంటే దూకడం అనుకునేవాళ్లే ఎక్కువ. పది హర్డిల్స్ ఉంటాయి. ఒక్కోటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు, అంటే మనలో చాలామందికి నడుం దగ్గరికి వస్తుంది. మొదటిది 13 మీటర్ల దగ్గర, తర్వాత ప్రతి 8.5 మీటర్లకి ఒకటి, చివరిది దాటాక 10.5 మీటర్ల పరుగు. మధ్యలో మూడే అడుగులు వెయ్యాలి. నాలుగో అడుగు పడిందంటే రేసు పోయినట్టే. మేం భావనపాడులో వెదురు కర్రలు, తెగిన వలముక్కలు పెట్టి ఐదు హర్డిల్స్ కట్టి చూశాం. మాలో అందరికంటే వేగంగా పరిగెత్తే కుర్రాడు రెండోదాని దగ్గరే ఐదు అడుగులు వేశాడు. అప్పుడు తెలిసింది, ఇది కాళ్ల బలంతో మాత్రమే అయ్యే పని కాదని. లెక్క తెలిసిన కాళ్లు కావాలి.

జ్యోతి నాన్నగారు ప్రైవేటు సెక్యూరిటీ గార్డు, అమ్మగారు ఇళ్లలోనూ ఆస్పత్రిలోనూ శుభ్రం చేసే పని చేశారు. విశాఖ పోర్టు హైస్కూల్లో చదువుతున్నప్పుడు ఈ అమ్మాయి ఎత్తు చూసి హర్డిల్స్‌కి పనికొస్తుందని కనిపెట్టింది అక్కడి వ్యాయామ ఉపాధ్యాయుడు. తర్వాత హైదరాబాద్‌లో రమేశ్ గారి దగ్గర, ఆ తర్వాత భువనేశ్వర్‌లో జేమ్స్ హిలియర్ దగ్గర శిక్షణ. మాకు వీటన్నిటికంటే మనసుకి పట్టింది ఆమె కాగితాల కథ. 2020 జనవరిలో యూనివర్సిటీల పోటీలో 13.03లో పరిగెత్తింది. జాతీయ రికార్డు 13.38. కానీ అక్కడ డోపింగ్ పరీక్ష జరగలేదు, ఉండాల్సిన అధికారి లేరు, కాబట్టి లెక్కలోకి రాదన్నారు. 2022 ఏప్రిల్లో కోళికోడ్‌లో 13.09. ఈసారి వెనకనుంచి గాలి సెకనుకి 2.1 మీటర్లు వీచింది, అనుమతి 2.0 దాకానే. మళ్లీ లెక్కలోకి రాలేదు. మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 పరిగెత్తాక గానీ రికార్డు ఆమె పేరు మీదకి రాలేదు. అప్పటిదాకా అది ఒడిశాకి చెందిన అనురాధా బిస్వాల్ 2002లో పెట్టిన రికార్డు, ఇరవై ఏళ్లు నిలిచింది. పరిగెత్తినా కాగితం లేకపోతే పరిగెత్తనట్టే! కులపత్రం కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగిన మనకి ఈ కథ ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. తేడా ఏమిటంటే ఆ అమ్మాయి మూడోసారి కూడా పరిగెత్తింది.

ఆ తర్వాత కథ చాలామందికి తెలిసిందే. 2023లో చెంగ్డూ యూనివర్సిటీ క్రీడల్లో 12.78. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఫాల్స్ స్టార్ట్ పేరు మీద పంపెయ్యబోతే అక్కడే నిలబడి వాదించి, పరిగెత్తి, మూడో స్థానంలో వచ్చి, తప్పు చేసినది చైనా అమ్మాయని తేలాక వెండి అందుకుంది. 2024లో పారిస్ వెళ్లింది, ఒలింపిక్స్‌లో ఈ పోటీలో మన దేశం తరఫున దిగిన మొదటి మనిషి ఆమే. గుమి తర్వాత మోకాలి లిగమెంటు తెగి, జూలైలో శస్త్రచికిత్స అయింది. టోక్యోకి వెళ్లకపోవడానికి కారణం అది. "పందొమ్మిది మందిలో ఒక్కరూ గెలవలేదు" అని నవ్వే ముందు, ఇరవయ్యో మనిషి ఎక్కడుందో అడగాలి కదా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాం.

ఆ రిలే బంగారం గురించి మాకు కనబడిన వార్తల్లో "భారత మహిళల జట్టు 3 నిమిషాల 34.18 సెకన్లు" అని ఒక వాక్యం ఉంది. పేర్లు చూద్దామని మేం ఫలితాల పేజీకి వెళ్లాం. జిస్నా మాథ్యూ, రూపల్ చౌదరి, కుంజా రజిత, శుభా వెంకటేశన్. మూడో పేరు దగ్గర మాలో ఒకడు ఆగి, "కుంజా అంటే మనోళ్లు కాదా?" అన్నాడు. కోయ వాళ్లలో ఆ ఇంటిపేరు ఉందని మాకు తెలుసు. వెతికాం. అప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లా, కూనవరం మండలం, రామచంద్రాపురం. ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వలస వచ్చి స్థిరపడిన ఆదివాసీ కుటుంబం. తండ్రి లేడు, కూలి చేసి, కట్టెలు అమ్మి పెంచిన తల్లి.

కూనవరం అంటే శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు. 2014లో తెలంగాణ నుంచి విడదీసి ఆంధ్రలో కలిపిన మండలాల్లో అదొకటి. పోలవరం ముంపు కింద ఉన్న మండలం. వరద వస్తే పేపర్లో పడుతుంది, లేకపోతే పడదు. వలస ఆదివాసీ కుటుంబాలకి ఈ రాష్ట్రంలో కులపత్రం దొరకడం ఎంత కష్టమో ఏజెన్సీలో చదివినవాళ్లందరికీ తెలుసు. అలాంటి ఊరి నుంచి ఒక అమ్మాయి దేశం బనియను వేసుకుని ఆసియా బంగారం తెచ్చింది. అదే రోజు, అదే వానలో! జ్యోతి గెలిచిన రోజే కావడం వల్ల మన రాష్ట్రం నుంచి ఇద్దరు గెలిచారన్న సంగతి ఒక్కరి ఫోటో కిందికి వెళ్లిపోయింది. జ్యోతి తప్పేమీ లేదు. రిలే అంటేనే అంత, నలుగురు పరిగెత్తితే ఒక్క అంకె మిగులుతుంది.

ఆ అంకెని విడదీసి చూడండి. 3:34.18ని నాలుగుతో భాగిస్తే మనిషికి దాదాపు 53 సెకన్ల అర. సగటున అంత వేగంతో నాలుగు వందల మీటర్లు. మొదటి ఆమె మొత్తం చుట్టు తన గీతల మధ్యనే పరిగెత్తాలి. రెండో ఆమె మొదటి మలుపు దాటాక లోపలి గీతకి రావొచ్చు. మూడో, నాలుగో వాళ్లకి బేటన్ అందే చోట అందరూ ఒకే దగ్గర గుమిగూడి ఉంటారు, సంతలో ఆటో ఎక్కేటప్పటి తోపులాట లాంటిది. ఇరవై మీటర్ల హద్దులో బేటన్ చేతులు మారాలి, జారిందా, నలుగురి కష్టమూ పోయింది. గుమిలో వియత్నాం రెండోది వచ్చింది, తేడా అర సెకను చిల్లర. శ్రీలంక మూడు. అర సెకను అంటే ఒక చేతి నుంచి ఇంకో చేతికి బేటన్ సరిగ్గా వెళ్లడం, అంతే. ఆ నలుగురిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ పతకం లేదు. అలాంటప్పుడు ఒక పేరు చెప్పకుండా వదిలేస్తే నలుగురిలో ఒకరి చుట్టుని వదిలేసినట్టు.

అదే పోటీల్లో 200 మీటర్లలో కంచు, 20.32తో జాతీయ రికార్డు సాధించిన అనిమేశ్ కుజూర్ కూడా ఆదివాసీయే, ఛత్తీస్‌గఢ్‌లోని జశ్‌పూర్ జిల్లా. జూలైలో గ్రీస్‌లో 100 మీటర్లు 10.18లో పరిగెత్తి అదీ జాతీయ రికార్డు చేశాడు. టోక్యోలో పరిగెత్తిన పందొమ్మిది మందిలో ఒకడు. మన గ్రూపులో నవ్వు బొమ్మలు పెట్టినవాళ్లలో ఎంతమందికి ఈ పేరు తెలుసు? అంతకు ముందు తరంలో నాసిక్ ఆదివాసీ ప్రాంతం నుంచి కవితా రౌత్ 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 10,000 మీటర్ల కంచు, అదే ఏడు గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వెండి తెచ్చింది. వీళ్లు పోటీ పరీక్షల జీకే పుస్తకంలో ఒక్క మార్కు ప్రశ్నలు కాదు, మన చుట్టాలు.

ఇక్కడ రెండు మాటలకి జవాబు చెప్పాలి. రెండూ మాకు చాలాసార్లు వినపడ్డవే.

మొదటిది పైనుంచి వచ్చే మాట. "ఆదివాసీ పిల్లలకి పరుగు రక్తంలోనే ఉంటుంది, కొండలెక్కి దిగే కాళ్లు కదా." మెచ్చుకోలులాగే ఉంటుంది. మాకు మాత్రం ఒళ్లు మండుతుంది. రక్తంలోనే ఉంటే ఇంక గ్రౌండ్ ఎందుకు, కోచ్ ఎందుకు, గుడ్డు ఎందుకు, బూట్లు ఎందుకు? ఆ మాటతో ఖర్చు తప్పించుకోవచ్చు. మా అమ్మలు కొండచీపుర్లు నెత్తిన పెట్టుకుని సంతకి ఎన్నో కిలోమీటర్లు నడుస్తారు. దానివల్ల వాళ్లకి మోకాళ్ల నొప్పులు వచ్చాయి గానీ పతకాలు రాలేదు. 400 మీటర్లు అన్నది కొండ ఎక్కడం కాదు. చివరి వంద మీటర్లలో కాళ్లు రాయిలా అయిపోతాయి, ఆ స్థితిలోనూ అడుగు పొడవు తగ్గకుండా పరిగెత్తాలంటే ఏళ్లు పడుతుంది. రజిత గెలిచింది కొండలో పుట్టినందుకు కాదు. కొండలో పుట్టినా ఎవరో ఒకరు ఆమెని ట్రాక్ దాకా చేర్చినందుకు, చేరాక ఆమె ఏళ్లకి ఏళ్లు అక్కడ ఉన్నందుకు.

రెండోది మన లోపల నుంచి వచ్చే మాట. "మన భూములు పోతుంటే, డోలీలో గర్భిణులని మోస్తుంటే, ఈ దేశం జట్టుకి చప్పట్లు కొట్టాలా?" ఈ మాట అన్నవాళ్లని మేం తేలిగ్గా తీసుకోం. డోలీ మోసినవాళ్లు మాలోనూ ఉన్నారు. కానీ జట్టు అంటే ప్రభుత్వం కాదు కదా. జట్టు అంటే జిస్నా, రూపల్, రజిత, శుభ. ఒకరిది కేరళ, ఒకరిది ఉత్తరప్రదేశ్, ఒకరిది కూనవరం, ఒకరిది తమిళనాడు. వాళ్లు ఒకరి భాష ఒకరికి రాకపోయినా బేటన్ అందించుకున్నారు. అందులో మన మనిషి ఉన్నప్పుడు చప్పట్లు కొట్టడం మనకి మనం కొట్టుకోవడమే. ఆ చప్పట్లు కొట్టాకే "ఆ అమ్మాయి ఊరికి రోడ్డేది?" అని గట్టిగా అడగగలం. నవ్వు బొమ్మ పెట్టి కూచుంటే అదీ అడగలేం.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆట ఎలా పాతుకుంటుందో కొత్తగా కనిపెట్టక్కర్లేదు. వీరఘట్టం కోడి రామమూర్తి నాయుడి కాలం నుంచి ఇక్కడ బలం అంటే గౌరవం ఉంది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న అనే ఒక్క గురువు బరువులు పెట్టి పిల్లలకి నేర్పితే, ఆ ఊరి కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కంచు తెచ్చింది, ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. విజయనగరం దగ్గర కొండవెలగాడ ఊరు ఊరంతా వెయిట్‌లిఫ్టింగే. అక్కడి మత్స సంతోషి 2014 గ్లాస్గోలో పతకం గెలిచింది. వాళ్లకి రక్తంలో ఇనుము ఉందా? ఒక కడ్డీ, నాలుగు పళ్లేలు, ఒక గురువు, ముందు గెలిచిన ఒక అక్క ఉన్నారు. పిల్లలు ఆ అక్కని చూసి వచ్చారు, వాళ్లని చూసి ఇంకొంతమంది. పరుగుకి ఇంకా తక్కువ సామాను చాలు. అయినా మన కొండ మండలాల్లో ఆ గొలుసు మొదలవలేదు.

ఎందుకు మొదలవలేదో మా అనుభవంలో ఒక్కటి చెబుతాం. మాలో ఒకామె ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతున్నప్పుడు 400 మీటర్లలో డివిజన్ మొదటి స్థానం. జోనల్ మీట్‌కి వెళ్లాలి. తీసుకెళ్లడానికి ఆడ టీచరు లేరు, బస్సు చార్జీలకి బిల్లు పెట్టే దారి లేదు అని ఆపేశారు. స్కూలు పేరు ఎందుకు, ఏ స్కూలు పేరు రాసినా సరిపోతుంది. ఆ రోజు ఆమె ఎంత టైములో పరిగెత్తిందో ఎవరూ రాసిపెట్టలేదు. "ఫస్ట్" అని మాత్రం చెప్పారు. ఇప్పుడు ఆమె కానిస్టేబుల్‌కి ప్రిపేర్ అవుతూ భావనపాడు ఇసకలో మా అందరినీ వెనకేస్తోంది. జ్యోతి 13.03 కాగితంలోకి ఎక్కకపోయినా కనీసం ఆ అంకె మిగిలింది. మా అమ్మాయికి అంకె కూడా లేదు. అథ్లెటిక్స్‌లో ఇదొక మంచి గుణం, అందుకే మేం దీన్ని ఇష్టపడుతున్నాం కూడా: సెలెక్టరు మొహం చూసి ఇచ్చేది కాదు, సెకన్లు ఎవరికైనా సెకన్లే. కానీ గడియారం పట్టుకునే మనిషి లేకపోతే ఆ న్యాయం మన దాకా రాదు.

టోక్యో గురించి రెండు ముక్కలు. నీరజ్ 84.03 విసిరి ఎనిమిదో స్థానంలో ఆగాడు, అది అందరికీ తెలుసు. అదే ఫైనల్లో సచిన్ యాదవ్ 86.27 విసిరి నాలుగో స్థానంలో వచ్చాడు, జీవితంలో అతని అతి పెద్ద విసురు, పెద్ద వేదిక మీద. హై జంప్‌లో సర్వేశ్ కుశారే 2.28 దూకి ఆరోవాడు. ప్రపంచంలో నాలుగో మనిషి, ఆరో మనిషి అంటే నవ్వాల్సిన స్థానాలా? గ్రూప్ వన్‌లో రాష్ట్రంలో నాలుగో ర్యాంకు వచ్చినవాడికి మనం ఫ్లెక్సీ కడతాం. మెడల్ లేదన్నది నిజమే, బాధపడదాం. జట్టుని వెంబడి చూసేవాళ్లకి బాధ ఉంటుంది. నవ్వు మాత్రం ఆఖరి రోజు పతకాల పట్టిక ఒక్కటే చూసినవాళ్లకి వస్తుంది.

కొంతమంది తమ్ముళ్లు "ఆటలు అన్నం పెడతాయా" అని అడుగుతారు. అందరికీ పెట్టవు. గుమిలో హెప్టాథ్లాన్ బంగారం గెలిచిన అగసర నందిని తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన పిల్ల, నాన్న టీ అమ్మేవారు. ఏడు పోటీలు కలిపి 5,941 పాయింట్లు. ఆమె లాంటివాళ్లు లక్షకొకరు, ఒప్పుకుంటాం. అయినా మన రాష్ట్రంలో ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా 2 శాతం నుంచి 3 శాతం అయింది. ఆ 3 శాతంలోకి వెళ్లాలంటే గుర్తింపు ఉన్న మీట్‌లో ఆడిన సర్టిఫికెట్ కావాలి. ఊళ్లో సంక్రాంతి పరుగు పందెంలో గెలిచిన స్టీలు బిందె చూపిస్తే ఎవరూ తీసుకోరు. మన పిల్లలు గెలుస్తున్నవి ఎక్కువగా బిందెలే.

కాబట్టి మేం గ్రూపు ముందు పెడుతున్నది ఇది. ఐటీడీఏకి అర్జీ పెట్టేటప్పుడు ప్రతిసారీ "స్టేడియం కావాలి" అని రాస్తున్నాం. స్టేడియం ఎప్పటికో. ముందు ప్రతి ఆశ్రమ పాఠశాలలో, గురుకులంలో కొలిచిన 200 మీటర్ల మట్టి ట్రాక్, ఒక స్టాప్‌వాచ్, పిల్లల టైములు తేదీతో సహా రాసే ఒక రిజిస్టరు అడుగుదాం. స్కూల్ గేమ్స్‌కి, జిల్లాల మధ్య జరిగే జూనియర్ అథ్లెటిక్స్ మీట్‌కి ఎంపికైన ఆడపిల్ల వెంట వెళ్లే మనిషికి చార్జీలు ముందే ఇవ్వాలని అడుగుదాం, తర్వాత బిల్లు పెట్టుకోండి అంటే ఎవరూ వెళ్లరు. జిల్లాలు విడిపోయాక మెళియాపుట్టి, మందస పిల్లలు దేనికైనా శ్రీకాకుళం వెళ్లాలో సీతంపేట వెళ్లాలో తెలియక మధ్యలో పోతున్నారు, మీట్‌లకైనా అది తేల్చమని అడుగుదాం. ఇంకొకటి అర్జీ అక్కర్లేనిది: పుట్టిన తేదీ కాగితం. వయసు రుజువు లేక వెనక్కి వచ్చిన పిల్లలు మాకే ముగ్గురు తెలుసు. చెల్లెళ్లు, తమ్ముళ్లు ఉన్నవాళ్లు ఈ దసరా సెలవుల్లో ఆధార్‌లోనూ స్కూల్ రికార్డులోనూ తేదీ ఒకటే ఉందో లేదో చూడండి.

మా వంతు మేం మొదలుపెట్టాం. భావనపాడులో కట్టిన వెదురు హర్డిల్స్‌ని మెళియాపుట్టి తెచ్చాం, ఎత్తు కొలిచి సరిచేశాం. రెండు స్టాప్‌వాచ్‌లు కొన్నాం. వచ్చే నెల రెండో ఆదివారం పొద్దున్న ఆరింటికి ఆరు నుంచి పదో తరగతి పిల్లలకి 100, 400 మీటర్ల టైములు తీసి నోటుబుక్కులో రాస్తాం. గెలుపూ లేదు, బహుమతీ లేదు, పేరూ, వయసూ, టైమూ, అంతే. రాగలిగిన అన్నలు, అక్కలు చేతిలో గడియారం ఉన్న ఫోనుతో రండి, గీత దగ్గర నిలబడడానికి ఆరుగురు కావాలి. పిల్లలకి ఉప్మా పెట్టే బాధ్యత మందస అక్కలు తీసుకున్నారు. బియ్యం రవ్వ రెండు కేజీలు తగ్గింది, ఎవరైనా చూడండి.